సూది ఈగ

కాయలకు సూదులు గుచ్చి విషం ఎక్కించినారన్న మాట మొదట ఎవరి నోట వచ్చిందో తెలియదు. వచ్చిన రెండో పూటకే ఊర్లో సగం మంది కళ్ళారా చూసినట్టు చెప్పుకోసాగారు. పులివెందుల నుంచి గండికి పోయే దోవలో ఉన్న ఊరది. వేరే ఊళ్ళలో పుకార్లు కాళ్ళమీద నడుస్తాయేమో గానీ ఆ ఊర్లో జీపులెక్కి తిరుగుతాయి.

భారతమ్మ వాళ్ళ చీనీతోటలో, బత్తాయినే అక్కడ చీనీ అంటారు, కాయ రాలుతున్న మాట మాత్రం నిజం. రంగు తిరిగి, ఇంకో పదిహేను రోజులకు కోతకొచ్చే కాయ చెట్లకింద పరిచినట్టు పడుతోంది. తీసి చూస్తే ప్రతి కాయకూ సూదిమొన దిగినంత సన్నని చిల్లు, దాని చుట్టూ పాలిపోయిన మచ్చ. భారతమ్మ మరిది ఆదినారాయణ ఆ చిల్లును బొటనవేలి గోటితో తడిమి, పక్కనున్నవాళ్ళకు చూపించి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఇంటికి పెద్ద, పార్టీకి పెద్ద ఆయనే. ఆయన చెయ్యి తుడుచుకోవడంతోనే తీర్పు అయిపోయింది. ఇక ఆ కాయను కోసి చూద్దామన్నవాడు లేడు. విషమని తెలిశాక ఎవడు కోస్తాడు?

దీనికి తోడు ఇంకో రుజువు. తూర్పుపక్క సుబ్బరత్నమ్మ వాళ్ళ తోటలో చెట్లకింద ఒక్క కాయ లేదు. గట్టెక్కి చూస్తే కల్లం ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. మన కాయ రాలి వాళ్ళ కాయ రాలలేదంటే ఏమిటి అర్థం? ఆ ఊర్లో పలకా బలపం పట్టనివాణ్ణి అడిగినా చెప్తాడు.

రెండిళ్ళ తోటలకూ నడుమ ఒక జామచెట్ల మడి ఉంది. ఆరేళ్ళ కిందట భారతమ్మ భర్తను ఆ మడిలోనే నరికి చంపారు. సుబ్బరత్నమ్మ మొగుడు ఆ కేసులో కడప జైల్లో ఉన్నాడు. అప్పటినుంచి ఆ మడిలో ఈ ఇంటి మనిషి గానీ ఆ ఇంటి మనిషి గానీ కాలు పెట్టలేదు, కాయ తుంచలేదు. నెత్తురు పడిన మడిలో కాయ తినడం మాట అటుంచి, అటు చూసి ఉమ్మడం కూడా మానుకున్నారు. జామచెట్లు మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా ఏటేటా చలికాలానికి విరగకాసి, ఆ కాయ అక్కడే మాగి, అక్కడే రాలి, అక్కడే కుళ్ళిపోతూ ఉన్నాయి.

గురువారం రాత్రి భోజనాల దగ్గర ఆదినారాయణ సంగతి తేల్చేశాడు. ప్రొద్దుటూరుకు మనిషిని పంపానని, సోమవారం పొద్దుగూకే వేళకు జీపులో మనుషులు గొడ్డళ్ళతో వస్తారని, వెలుగు తగ్గగానే సుబ్బరత్నమ్మ తోటలో చెట్టన్నది లేకుండా నరికెయ్యాలని చెప్పాడు. చీనీచెట్టు కాపుకు రావాలంటే బిడ్డను సాకినట్టు ఏళ్ళ తరబడి సాకాలి. దాన్ని నరికితే ఆ ఇంటివాళ్ళు చేతులు ముడుచుకొని కూర్చోరు. తర్వాత బాంబులు పడతాయి, ఆ తర్వాత మనుషులు పడతారు. మండలాల ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి గనక పైనున్న నాయకులకు కూడా ఇది చేదేమీ కాదు. మొదటి చెట్టుమీద మొదటి వేటు ఓబులేసు వెయ్యాలని తీర్మానించారు. తండ్రిని పోగొట్టుకున్నవాడు కదా, వాడికే ఆ హక్కు.

ఓబులేసు భారతమ్మకు ఒక్కడే కొడుకు. ఆ మాట విన్నప్పుడు ఆమె వాడికి సంగటి పెడుతోంది. తట్ట నడుమ పడాల్సిన ముద్ద అంచుమీద పడింది. వాడు దాన్ని నడిమికి లాక్కొని, తల ఎత్తకుండా తిన్నాడు. వాళ్ళ నాయన కూడా అంతే, జామమడికి పోయిన నాడు కూడా తల ఎత్తకుండానే తిని పోయాడు.

శుక్రవారం పొద్దున బర్రె పలుపు తెంపుకొని తోటలో పడింది. రాలిన కాయను కడుపుబ్బా మేసింది. రాత్రికాపలా దిగి పడుకోబోతున్న జమాలు చూసి, బర్రె చచ్చిందే అని గావుకేక పెట్టాడు. భారతమ్మ దాని పక్కనే గోనెపట్ట వేసుకొని కూర్చుంది. అది ఇప్పుడు కాళ్ళు బారజాపుతుంది, ఇంకాసేపటికి నురగ కక్కుతుంది అని చూస్తూనే ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. బర్రె తీరిగ్గా నెమరేసి, పేడ వేసి, ఇంకా కాయలున్నాయా అన్నట్టు తోట దిక్కు చూసింది.

భారతమ్మ లేచి కొడవలి తెచ్చి ఒక కాయను నిలువునా కోసింది. లోపల తొనలు పచ్చడయిపోయి ఉన్నాయి. వాటిలో తెల్లని పురుగులు మెదులుతున్నాయి. చూస్తుండగానే ఒక పురుగు వంగి, తల తోకను పట్టుకొని, చటుక్కున ఎగిరి ఆమె ముంజేతిమీద పడింది. ఆమె అదిరిపడింది గానీ దులిపెయ్యలేదు. విషంలో పురుగు బతుకుతుందా?

ఆ కాయను తీసుకుపోయి మరిదికి చూపించింది. ఆదినారాయణ తెలివితక్కువవాడేమీ కాదు. కుళ్ళినదానికల్లా పురుగు పడుతుందని, ముందు విషం వెనక పురుగు అని సర్దిచెప్పాడు.

"పురుగుంటే ఈగ ఉండాల గదా వదినా. ఈ చలిలో ఈగ యాడుండాది? మనోళ్ళు రాత్రంతా కాపలా కాస్తాండారు. ఒక్క ఈగన్నా కనపడిందేమో అడుగు."

అడగాల్సిన పని లేకపోయింది. రాత్రంతా మంచులో కంబళ్ళు కప్పుకొని కూర్చున్నవాళ్ళకు ఈగ కాదు కదా, పక్కనున్న మనిషే కనపడడు. ఆ మాట ఆమెకు అప్పుడు తోచలేదు. తోచింది వేరే. ఓబులేసు పులివెందులలో చదివేటప్పుడు ఒక చలికాలం ఈగల్ని సీసాలో పట్టుకొచ్చి గూట్లో పెట్టాడు. టీచరమ్మ తెమ్మన్నదని చెప్పాడు. ఈగలు పట్టుకురమ్మనే టీచరుకు బుద్ధుందా, ఆమె దగ్గర చదివే నీకు బుద్ధుందా అని ఆ రోజు భారతమ్మ సీసా విసిరికొట్టింది. ఇప్పుడు కాయలు నాలుగు చెంగున కట్టుకొని, ఆ బుద్ధిలేని టీచరమ్మను వెదుక్కుంటూ బస్సెక్కింది.

ప్రేమమ్మ టీచరు జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. పులివెందులకు సైన్సు చెప్పడానికి వచ్చి అక్కడే తల నెరిపించుకుంది. ఈ పార్టీ పిల్లలకూ ఆ పార్టీ పిల్లలకూ ఒకే బల్లమీద పాఠం చెప్పింది, ఒకే బెత్తంతో కొట్టింది. ఊళ్ళలో ఎదురుపడితే మీసాలు దువ్వుకునే మొగోళ్ళు ఆమెను చూస్తే సైకిలు దిగేవాళ్ళు. ఆమె కాయను మేజామీద పెట్టి, చాకుతో కోసి, కండ్లద్దాలు నుదుటిమీదికి తోసి, భూతద్దం కంటికి ఆనించుకొని చాలాసేపు చూసింది. తర్వాత వివరాలడిగింది. చుట్టుపక్కల ఇంకేమన్నా పండ్లచెట్లున్నాయా అని అడిగింది. మధ్యాహ్నం పూట తోటలో ఎవరుంటారని అడిగింది.

మధ్యాహ్నం ఎవరూ ఉండరని, రాత్రి కాపలావాళ్ళంతా అప్పుడే నిద్రపోతారని భారతమ్మ చెప్పింది. చెప్పి, సోమవారం సంగతి, జీపు సంగతి, మొదటి వేటు సంగతి కూడా చెప్పేసింది. చెప్పేటప్పుడు ఏడుపు రాలేదు. "టీచరమ్మా, నాకు వాడొక్కడే" అంది.

"ఓబులేసు కదా," అంది ప్రేమమ్మ. "నీలం ఈగను ఇంటి ఈగల్లోనుంచి చూపుతోనే ఏరి చూపించినోడు వాడు. వాడికి గొడ్డలిచ్చినారా?" ఆమెకు కోపమొచ్చింది. ఆ కోపాన్ని చూస్తే భారతమ్మకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "రేపు ఫస్టు బస్సుకొస్తా. మీ ఇంట్లో తులసికోట ఉందా?"

శనివారం పొద్దున ఫస్టు బస్సుకే ప్రేమమ్మ దిగింది. చంకలో గొడుగు, చేతిలో మరచెంబు, సంచిలో సీసాలు. వాకిట్లో బెంచీమీద కూర్చోబెట్టారు. ఇంట్లో పనిచేసే మునెమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చూరుకింది గూట్లో వేరుగా బోర్లించి ఉండే గ్లాసు ఉంది, ఆ గ్లాసుతోనే ఇచ్చింది. ప్రేమమ్మ ఆ గ్లాసును చూసి, ఇప్పుడే దాహం లేదని చెప్పి, తన మరచెంబు మూత తీసి రెండు గుక్కలు తాగింది. ఎన్ని ఇళ్ళ వాకిళ్ళలో తిరిగితే ఆ మరచెంబు చేతికి అలవాటయిందో. భారతమ్మ ఆ గ్లాసును రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం దాన్ని చూస్తే సిగ్గేసింది.

తోటలో ఇంకా మంచు వదల్లేదు. జమాలు కాపలా దిగి, ఈగల్ని చూపించేకి టీచరు వచ్చిందని విని, నవ్వు ఆపుకుంటూ వెంట వచ్చాడు. ప్రేమమ్మ గొడుగు మొనతో ఒక ఆకును మెల్లిగా తిప్పింది. ఆకు అడుగున రెక్కలు ముడుచుకొని ఒక ఈగ కరుచుకొని ఉంది. ముట్టుకున్నా లేవలేదు. ఇంకో ఆకు, ఇంకో ఈగ. బావి గోడకు ఎండ తగిలే పక్కన రెండు మూడు. జమాలు నవ్వు మింగేశాడు. మూడు నెలలుగా ఆ చెట్లకింద బాంబులసంచి పెట్టుకొని కాపలా కాసినవాడు, తలమీద ఆకును తిప్పి చూడలేదు.

అయితే ఈగలన్నీ ఒకటి కాదని ఆమె చెప్పింది. కుళ్ళిన కాయమీద ముసిరిన చీమతలంత ఎర్రకళ్ళ ఈగలు కల్లువాసనకొచ్చేవి, అవి అమాయకాలు. గోడమీద మెరిసే నీలం ఈగ పెంటకూ పీనుగకూ వచ్చేది, చలిని లెక్కచెయ్యదు, దానికి కాయతో పనిలేదు. మూడోదాన్ని సీసాలో వేసి ఎండకు ఎత్తి పట్టింది. ఇంటి ఈగంతే ఉంది గానీ కందిరీగ మాదిరి నడుము, భుజాలమీద పసుపు మచ్చలు, పొట్టమీద నల్లని గీతలు అడ్డమూ నిలువూ కలిసి ఉన్నాయి. కుళ్ళినాక వచ్చేది వేరు, కుళ్ళబెట్టేది వేరు, రెండింటినీ ఒకే గాటన కడితే దోషిని వదిలి దోవన పోయేవాణ్ణి కొట్టినట్టని ఆమె అంది. ఆ మాట ఈగల గురించే అన్నది. విన్నవాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తులసి నలిపితే ఆ వాసనకు ఈ ఈగ వస్తుందని ప్రేమమ్మ చెప్పింది గానీ, ఆకు తుంచడానికి భారతమ్మ కాస్త వెనుకాడింది. పూజకు తప్ప కోయని ఆకు, ఈగలకు. ప్రేమమ్మ పక్కకు తిరిగి నిలబడింది, అడగలేదు, తొందరపెట్టలేదు. భారతమ్మ కోటకు దణ్ణం పెట్టుకొని దోసెడు తుంచి, తానే నలిపి, మట్టిచిప్పలో వేసి కాసిన్ని నీళ్ళు పోసింది. చిప్పను చెట్టుకొమ్మకు కట్టారు.

మిట్ట మధ్యాహ్నం. ఎండ వెచ్చగా వీపుకు తగులుతోంది. ఆదినారాయణ వచ్చి చేతులు వెనక్కు కట్టుకొని నిలబడ్డాడు. వెనక ఓబులేసు. మొదట ఒక ఈగ వచ్చింది. గాలిలో అటూ ఇటూ తూలి చిప్ప అంచున వాలింది. ఆ తర్వాత ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేం, ముసిరిపోయాయి. చిప్ప నల్లబడింది. పొద్దున ఆకుకింద చచ్చినట్టు పడుకున్నవేనా ఇవి అని జమాలు నోరు తెరిచాడు. రాత్రంతా కాపలా, పగలంతా నిద్ర. దొంగ పగటిపూట వచ్చి పని చూసుకొని పోతున్నాడు.

తులసివాసనకు వచ్చేవి మగ ఈగలని, వాటికి సూది ఉండదని ప్రేమమ్మ చెప్పింది. ఆడదాన్ని చూపిస్తానని, రంగు తిరిగిన ఒక కాయ దగ్గర అందరినీ కదలకుండా నిలబడమంది. అంత మంది మొగోళ్ళు, మందుగుండుకు కూడా జంకనివాళ్ళు, ఊపిరి బిగబట్టి ఒక చీనీకాయ ముందు నిలబడ్డారు. ఆడ ఈగ వచ్చి వాలింది. కాయమీద నడుస్తూ, ఆగుతూ, ఇల్లు కట్టుకునే మనిషి జాగా చూసుకున్నట్టు చూసుకుంది. ఒకచోట నిలిచి, వెనకపక్క వంచి, సన్నని ముల్లును తొక్కలోకి దించింది.

ఆదినారాయణ వంగి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"సూదే," అంది ప్రేమమ్మ నెమ్మదిగా. "మీరనుకున్నది నిజమే నాయనా. సూదే. పట్టుకున్నది మనిషి కాదు, అంతే."

ఆయన లేచి నిలబడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "మరి వాళ్ళ కాయెందుకు రాలల్యా టీచరమ్మా? ఈగకు కూడా పార్టీ ఉంటాదా?"

దానికి జవాబు తన దగ్గర లేదని, చూసి వచ్చి చెప్తానని ఆమె అంది. గొడుగు విప్పింది. గట్టు దిగి జామమడిలోకి నడిచింది. ఆరేళ్ళలో ఆ మడిలో పడిన మొదటి అడుగు ఆమెది. భారతమ్మ గట్టుమీద నిలబడి చూసింది. తెల్లచీర చెట్లకింద ఆగుతూ, వంగుతూ, కుళ్ళిన కాయలను ఏరి సంచిలో వేసుకుంటూ, చివరికి అవతలి గట్టెక్కి సుబ్బరత్నమ్మ తోటలోకి తిన్నగా పోయింది. ఇటునుంచి అటు మనిషి పోతే శవమై తిరిగి వస్తాడని ఊరంతా నమ్మే దోవ అది. మన ఇంటికొచ్చి వాళ్ళ గడప తొక్కుతుందా అని ఆదినారాయణ గొణిగాడు. ఓబులేసు మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కొడుకు ముఖంలో అటువంటి చూపును భారతమ్మ చిన్నప్పటి ఈగల సీసా రోజుల తర్వాత మళ్ళీ చూడలేదు.

టీచరమ్మ ఆ పక్కనుంచే బస్సెక్కి పోయింది. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే వస్తానని కబురంపింది.

ఆదివారం మధ్యాహ్నానికి ప్రేమమ్మ మూడు సీసాలతో వచ్చింది. ఒకటి ఈ తోటది. ఒకటి జామమడిది. మూడోది సుబ్బరత్నమ్మ తోటది, అక్కడ కూడా తులసి నలిపి చిప్ప కట్టించి వచ్చిందట. ఈగలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఆమె వాకిట్లో బెంచీమీద తెల్లకాగితం పరిచి మూడు సీసాలనూ దానిమీదే బోర్లించి, వేలితో కలియబెట్టింది.

"ఆదినారాయణా, వీటిల్లో మీవేవో, వాళ్ళవేవో వేరుచెయ్యి నాయనా," అంది.

ఎవరూ నవ్వలేదు. ఆదినారాయణ కాగితం మీదికి వంగాడు. జమాలు వంగాడు. ఓబులేసు మోకాళ్ళమీద కూర్చొని ఒక్కొక్కదాన్నీ పుల్లతో తిప్పి చూశాడు. అదే నడుము, అవే పసుపు మచ్చలు, అవే గీతలు. చివరికి పుల్ల కింద పెట్టి, "అన్నీ ఒకటే చిన్నాయనా," అన్నాడు. ఆ నాలుగు రోజుల్లో వాడు నోరు విప్పడం అదే మొదలు.

అప్పుడు చెప్పింది ప్రేమమ్మ. సుబ్బరత్నమ్మ తోటలో కూడా కాయ రాలుతోంది, ఇంకా ఎక్కువగానే రాలుతోంది. తెల్లవారకముందే ఆమె, ఆమె కూతుళ్ళు రాలిన కాయనంతా బుట్టలకెత్తి, కొట్టం వెనక గుంతలో పూడ్చి, చెట్లకింద ఊడ్చేస్తున్నారు. నష్టపోయామని తెలిస్తే శత్రువుకు బలం పెరుగుతుందని. సూదులు గుచ్చింది మీరేనని వాళ్ళ నమ్మకం. జమ్మలమడుగునుంచి వాళ్ళూ మనుషులను పిలిపించుకుంటున్నారు. రెండిళ్ళలోనూ ఒకే కాయ రాలుతూ, ఒకే ఈగ కుడుతూ, ఒకరికోసం ఒకరు గొడ్డళ్ళు నూరుకుంటున్నారన్న మాట ఆమె నోటితో అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

చలికి ఈ ఈగ చావదని, మాగిన కాయ ఎక్కడ దొరికితే అక్కడ దాటుకుంటుందని ఆమె వివరించింది. దానికి ఆ జామమడే పుట్టిల్లు. ఆరేళ్ళుగా ముట్టుకోని కాయలో తరతరాలుగా పుట్టి, రెండు పక్కలకూ అత్తారింటికి పోయినట్టు పోతోంది. జామకాయను పూర్తిగా తెంపి, రాలినదాన్ని ఏరి, మోచెయ్యి దిగినంత లోతున పూడ్చి తొక్కితే తప్ప దీని పీడ పోదు. ఒక్క పక్కవాళ్ళు చేస్తే చాలదు, ఆ మాట అవతలింట్లో కూడా చెప్పి వచ్చానంది.

నిజం ఆదినారాయణకు అర్థమయింది. అర్థమయినందుకే బాధగా ఉంది.

"జీపుకు చెప్పి పంపినాక ఈగ కుట్టిందని వెనక్కి పంపితే ప్రొద్దుటూరులో నన్ను చూసి నవ్వుతారు టీచరమ్మా. పార్టీ నిలవదు. ఆ మడిలోకి మా ఇంటి మనిషి పోడు. పోయేది ల్యా."

ప్రేమమ్మ వాదించలేదు. కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తాను చెయ్యగలిగింది ఈగ ఏదో చెప్పడమేనని, మనిషి ఏదో మనుషులే తేల్చుకోవాలని అంది. ఆమె గొంతు అలిసిపోయి ఉంది. బస్సువరకూ సాగనంపడానికి భారతమ్మ వెంట నడిచింది. దోవలో దాహమేసి, అడక్కుండానే ప్రేమమ్మ చేతిలోని మరచెంబు తీసుకొని, మూత తీసి, కరుచుకొని తాగింది. ప్రేమమ్మ ఆమెవైపు చూసింది. బస్సెక్కేటప్పుడు భుజంమీద చెయ్యి వేసి ఒక్క క్షణం అదిమి వదిలింది. ఎంత మనిషి ఈమె అనుకుంది భారతమ్మ. రెండు రోజులు ఈగల వెంట తిరిగింది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. మా ఇంటి మొగోళ్ళు ఒక్క వేటు వెయ్యడానికి ఎంత ధైర్యం కూడదీసుకుంటారో, ఆమె గొడుగు వేసుకొని ఆ గట్టు దాటడానికి అంతకు పదింతలు కావాలి.

సోమవారం పొద్దెక్కి మంచు విడిచాక భారతమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు గంపలు, ఒక పార తీసుకుంది. మునెమ్మ ఎక్కడికని అడిగింది. జామకాయ తెంపేకి అని చెప్పింది. మునెమ్మ చేతిలోని చేట జారి కింద పడింది.

గట్టు దిగింది. మొగుడు పడింది ఇక్కడే. ఏ చెట్టుకింద పడి ఉన్నాడో ఆమెకు తెలుసు. ఆ రోజు చూడనివ్వలేదు గానీ, చూసినవాళ్ళు చెప్పుకోగా విన్నది. ఆ చెట్టు దగ్గరికే పోయింది. మొదలు పట్టుకొని కాసేపు నిలబడి ఏడ్చింది. గట్టిగా, ఎవరు వింటే ఏమని, ఆరేళ్ళది ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, చెంగుతో ముఖం తుడుచుకొని, ఆ చెట్టుతోనే మొదలుపెట్టింది.

మాగిన కాయ తాకితే చేతుల్లో చితికిపోతోంది. పురుగులు ఎగిరి రవిక చేతులమీద పడుతున్నాయి. కిందివి ఏరి, పైవి తుంచి, గంప నిండితే గుంతకాడ పోసి, మళ్ళీ ఎత్తుకుంది. గుంత తవ్వడమే కష్టం, నేల రాయిమాదిరి ఉంది. మధ్యాహ్నానికి వీపు పీకింది. ఈగలు చుట్టూ ముసిరాయి. ఇప్పుడు వాటిని పేరుపెట్టి గుర్తుపట్టగలదు. ఇది కల్లు ఈగ, ఇది నీలం ఈగ, ఇదుగో ఇది సూది ఈగ.

గట్టుమీద జనం పోగయ్యారు. ఆదినారాయణ వచ్చి, బయటికి రమ్మని, ఊరు చూస్తోందని పిలిచాడు. ఆమె వినపడనట్టే ఉండిపోయింది. ఆయన కూడా గట్టు దిగలేదు, ఆ మడిలో కాలు పెట్టనన్నది ఆయనే కదా.

పొద్దు వాలేవేళకు అవతలి గట్టుమీద అలికిడి అయింది. భారతమ్మ తల ఎత్తింది. సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. వెనక ఆమె ఇంటి మొగోళ్ళు. సుబ్బరత్నమ్మ చేతిలో గంప ఉంది. వెనకనుంచి ఎవరో ఏదో కసిరారు. ఆమె తిరిగి చూడకుండా గట్టు దిగింది. భారతమ్మ ఉన్న చెట్టుకు రెండు చెట్ల అవతల కూర్చొని రాలిన కాయ ఏరడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు.

అప్పుడే జీపు వచ్చింది. దుమ్ము లేపుకుంటూ వచ్చి తోట మొదట్లో ఆగింది. అందులోంచి ప్రొద్దుటూరు మనుషులు దిగారు, గోనెల్లో చుట్టిన గొడ్డళ్ళు దిగాయి. అవతలి తోటకు పోవాలంటే జామమడి గట్టువెంట పోవాలి. జామమడిలో ఇద్దరు ఆడవాళ్ళు నడుములు విరిగేలా కాయ ఏరుతున్నారు. వచ్చినవాళ్ళు ఆదినారాయణ ముఖం చూశారు. ఆదినారాయణ నేల చూశాడు. వాళ్ళలో పెద్దవాడొకడు గొడ్డలి ఓబులేసు చేతికిచ్చి, కానీ అబ్బీ అన్నాడు.

భారతమ్మ లేచి నిలబడింది. చేతినిండా కుళ్ళు, ముంగురుల్లో ఆకులు. కొడుకు గట్టుమీద గొడ్డలితో ఉన్నాడు. ఆమె అరవలేదు, కాళ్ళావేళ్ళా పడలేదు.

"ఓబులేసూ," అంది. "గుంత చాలల్యా నాయనా. ఇంకా మూరెడు లోతు పోవాల."

వాడు గొడ్డలిని చూశాడు. తల్లి చేతులను చూశాడు. గొడ్డలిని జీపు బానెట్టుమీద పెట్టాడు, ఎవరిదో వస్తువు ఎవరికో తిరిగి ఇచ్చినంత మామూలుగా. గట్టు దిగి తండ్రి పడిన మడిలోకి నడిచి వచ్చి, తల్లి చేతిలోని పార తీసుకున్నాడు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించి తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి జమాలు కూడా దిగాడు. ప్రొద్దుటూరు మనుషులు జీపుకానుకొని బీడీలు ముట్టించుకున్నారు. గుంతలో పార పడే చప్పుడు వింటూ భారతమ్మ ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజులుగా ఊపిరి పీల్చుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎండ పల్చబడి చలి మొదలవుతోంది. ఈగలు ఒక్కొక్కటే ఆకులకిందికి చేరుతున్నాయి. కిందివి అయిపోయి పైకొమ్మలు మిగిలాయి. భారతమ్మ పొడుగుమనిషి. సుబ్బరత్నమ్మ పొట్టిది. చిటారున నాలుగు పండుకాయలున్నాయి. సుబ్బరత్నమ్మ మునివేళ్ళమీద లేచి చెయ్యి చాపింది, అందలేదు. ఇంకోసారి చాపింది. అప్పుడు వెనక్కి తిరగకుండానే, నెత్తురు పడకముందు రోజుల్లో పిలిచినట్టే పిలిచింది.

"అక్కా, ఆ కొమ్మ రవ్వంత వంచు. నాకందల్యా."

భారతమ్మ గంప కింద పెట్టి, వచ్చి కొమ్మ వంచి పట్టుకుంది.